భూమధ్యరేఖ దగ్గరి ఉబ్బు ఉపగ్రహ కక్ష్యలను ఎలా తిప్పుతుంది?

క్లుప్తంగా: భూమి సరైన గోళం కాదు, భూమధ్యరేఖ దగ్గర కొద్దిగా ఉబ్బి, ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది. ఆ ఉబ్బు ఆకర్షణ వల్ల ఉపగ్రహం తిరిగే తలం తన వంపును (భూమధ్యరేఖా తలంతో అది చేసే కోణాన్ని) మార్చుకోకుండానే భూమి అక్షం చుట్టూ మెల్లగా తిరుగుతుంది. ఎంత వేగంగా, ఏ దిక్కుగా తిరుగుతుందన్నది కక్ష్య ఎత్తు, వంపు నిర్ణయిస్తాయి. అందువల్ల ఆ రెండింటినీ తగినట్లు ఎంచుకుంటే ఇంధనం ఖర్చు కాకుండా కక్ష్యను కావలసిన వేగంతో తిప్పుకోవచ్చు. అదే వేగాన్ని కొలిచి వెనక్కి లెక్క కడితే గ్రహం లోపల ద్రవ్యరాశి ఎలా పరచుకుని ఉందో తెలుస్తుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఒకే చోటి నుంచి చూసేవారికి కొన్ని రోజులు సాయంత్రం పూట కనిపిస్తుంది, తర్వాత కొన్నాళ్లు కనిపించదు, ఆపైన తెల్లవారుజామున దర్శనమిస్తుంది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్లే ఇలా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. భూభ్రమణం వల్ల జరిగేది వేరు: కేంద్రం ఒక చుట్టు పూర్తిచేసే సుమారు 93 నిమిషాల్లో కింద నేల 23 డిగ్రీలు తూర్పుకు జరుగుతుంది కాబట్టి, ప్రతి చుట్టులోనూ దాని దారి నేల మీద అంత మేర పడమరకు పడుతుంది. ఇందులో కక్ష్య కదిలిందేమీ లేదు. వేళలు మారడానికి అసలు కారణం నక్షత్రాల నేపథ్యంలో ఆ కక్ష్యాతలమే రోజుకు దాదాపు 5 డిగ్రీల చొప్పున పడమరకు తిరుగుతూ ఉండటం. సూర్యుడు అదే నేపథ్యంలో రోజుకు సుమారు ఒక డిగ్రీ తూర్పుకు జరుగుతాడు. రెండూ ఎదురెదురుగా సాగడంతో సూర్యుడికీ కక్ష్యకూ మధ్య కోణం దాదాపు 60 రోజులకు ఒకసారి మళ్లీ మొదటికి వస్తుంది.

కక్ష్యాతలం ఇలా తిరగడాన్ని పురస్సరణం అంటారు. భూమి పరిపూర్ణ గోళమై, దాని చుట్టూ మరే వస్తువూ లేకపోతే ఇది జరగదు. అప్పుడు ఉపగ్రహం ఎన్నేళ్లయినా అదే తలంలో, అదే దీర్ఘవృత్తంలో తిరుగుతూ ఉంటుంది. వాస్తవంలో ఆ స్థిరత్వాన్ని ముందుగా చెదరగొట్టేది భూమి నడుము దగ్గరి ఉబ్బు.

ఉబ్బు ఎంత?

భూమి కేంద్రం నుంచి భూమధ్యరేఖకు 6,378 కిలోమీటర్లు, ధ్రువానికి 6,357 కిలోమీటర్లు. తేడా 21 కిలోమీటర్ల పైచిలుకు; అంటే భూమధ్యరేఖా వ్యాసార్ధంలో సుమారు 298వ వంతు. భూభ్రమణం వల్ల భూమధ్యరేఖ దగ్గర పదార్థం బయటకు నెట్టుకు రావడమే దీనికి మూలం. 1672లో ఫ్రెంచ్ ఖగోళశాస్త్రవేత్త జీన్ రిషే పారిస్ నుంచి లోలకపు గడియారాన్ని భూమధ్యరేఖకు దగ్గరలోని కయెన్‌కు తీసుకెళ్లినప్పుడు అది రోజుకు దాదాపు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అక్కడ గురుత్వం తక్కువగా ఉందన్న దానికి అది తొలి ఆధారాల్లో ఒకటి. 1687లో న్యూటన్, భూమి లోపలంతా ఒకే సాంద్రత ఉందని అనుకుని లెక్కించి, ఈ చదును 230వ వంతు ఉండాలన్నాడు. నిజమైన విలువ అంతకంటే తక్కువ కావడానికి కారణం భూమి ద్రవ్యరాశి లోపలంతా సమానంగా పరచుకోకుండా బరువైన కేంద్రకం వైపు చేరి ఉండటమే.

ఉపగ్రహం దృష్టిలో ముఖ్యమైనది కిలోమీటర్ల తేడా కాదు, ఆ ఆకారం వల్ల గురుత్వాకర్షణలో వచ్చే తేడా. దాన్ని జె2 అనే సంఖ్యతో సూచిస్తారు. భూమికి దాని విలువ 0.00108, అంటే ప్రధాన ఆకర్షణలో ఇంచుమించు వెయ్యో వంతు స్థాయి ప్రభావం. భూమి ఆకారంలోని మిగతా వంకరలను సూచించే సంఖ్యలు ఇంకా చిన్నవి. తర్వాతిదైన జె3 దీనికంటే 400 రెట్లకు పైగా తక్కువ. అందుకే కక్ష్యల లెక్కల్లో మిగతావన్నీ కలిపినా ఒక్క జె2తో తూగవు.

తలం పడిపోకుండా ఎందుకు తిరుగుతుంది?

ఉపగ్రహం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నప్పుడు ఉబ్బులోని అదనపు పదార్థం దానికి దక్షిణంగా ఉంటుంది. దక్షిణాన ఉన్నప్పుడు ఉత్తరంగా ఉంటుంది. కనుక భూకేంద్రం వైపు లాగే ప్రధాన బలానికి తోడు, ఎటువైపు ఉన్నా భూమధ్యరేఖా తలం వైపే లాగే ఒక చిన్న బలం ఉపగ్రహం మీద పనిచేస్తూ ఉంటుంది. ఇది తెలిసినవారికి వెంటనే తట్టే ఊహ, కక్ష్య క్రమంగా వాలిపోయి చివరికి భూమధ్యరేఖ మీదికి చేరుతుందని. కానీ అలా జరగదు.

వేగంగా తిరుగుతున్న బొంగరాన్ని దాని బరువు కిందికి లాగుతూనే ఉన్నా అది పడిపోకుండా, వాలిన అక్షంతోనే గుండ్రంగా తిరుగుతుంది. కక్ష్యలోనూ జరిగేది అదే. ఒక చుట్టు మొత్తం మీద సగటు తీస్తే ఉబ్బు లాగుడు కక్ష్యను భూమధ్యరేఖ వైపు వంచాలని చూసే తిప్పుడు ప్రభావంగా, అంటే టార్క్‌గా మిగులుతుంది. కానీ ఆ టార్క్ ఉపగ్రహపు కోణీయ ద్రవ్యవేగానికి (దాని తిరుగుడు ఎంత, ఏ అక్షం చుట్టూ అన్నది చెప్పే రాశికి) లంబంగా ఉంటుంది. లంబంగా ఉన్న టార్క్ కోణీయ ద్రవ్యవేగం పరిమాణాన్ని పెంచలేదు, తగ్గించలేదు. దాని దిశను మాత్రం పక్కకు తిప్పగలదు. కోణీయ ద్రవ్యవేగపు దిశ కక్ష్యాతలానికి లంబంగా ఉంటుంది కాబట్టి అది తిరిగితే తలమూ తిరుగుతుంది.

ఇదే విషయాన్ని ఉపగ్రహం వెంట నడిచి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. కక్ష్య భూమధ్యరేఖా తలాన్ని దాటే రెండు చోట్లను పాతబిందువులు అంటారు. ఉత్తరానికి ఎక్కుతూ దాటేది ఆరోహణ పాతం, దక్షిణానికి దిగుతూ దాటేది అవరోహణ పాతం. తూర్పు ముఖంగా తిరిగే ఉపగ్రహం ఆరోహణ పాతం దాటి ఉత్తరానికి ఎక్కుతుంది. ఉబ్బు దాన్ని దక్షిణానికి లాగుతూ ఉండటం వల్ల, ఆ లాగుడు లేకపోతే దిగవలసిన చోటికి కాస్త ముందే భూమధ్యరేఖా తలాన్ని తాకుతుంది. తూర్పుకు వెళ్తున్నది ముందే దిగిందంటే పాతబిందువు పడమరకు జరిగినట్లే. దక్షిణార్ధంలో లాగుడు దిక్కు మారుతుంది, ఉపగ్రహమూ అవతలి వైపే ఉంటుంది. ఫలితం మళ్లీ పడమరకే. పడమటి ముఖంగా తిరిగే ఉపగ్రహం కూడా ఇలాగే ముందుగా దిగుతుంది గాని, అది పడమరకు వెళ్తున్నది కనుక దాని పాతబిందువు తూర్పుకు జరుగుతుంది. సరిగ్గా ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యలో ఉబ్బు లాగుడు తలంలోనే ఉంటుంది, తలం నుంచి పక్కకు లాగే బలమే ఉండదు. కాబట్టి ఆ తలం కదలదు.

మరి వంపు ఎందుకు మారదు? ఆరోహణ పాతం నుంచి ఉత్తరాన అన్నిటికంటే ఎత్తైన అక్షాంశం చేరేదాకా లాగుడు వంపును కొద్దిగా తగ్గిస్తుంది. అక్కడి నుంచి దిగేటప్పుడు అంతే మేర పెంచుతుంది. రెండూ రద్దయిపోతాయి. పాతబిందువు విషయంలో మాత్రం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మార్పు ఒకే దిక్కుకు జరుగుతుంది, రద్దు కావడానికి వీలు లేదు. వెయ్యో వంతు బలం ఇంత పెద్ద ఫలితాన్నివ్వడానికి రహస్యం ఇక్కడే ఉంది: రోజుకు 15 చుట్లు తిరిగే ఉపగ్రహానికి ప్రతి చుట్టులోనూ అదే దిక్కుకు కొంత చేరుతూ పోతుంది.

ఈ వివరణలో ఎక్కడా భూమి తిరుగుతున్నదన్న విషయం రాలేదని గమనించాలి. భ్రమణం ఉబ్బును పుట్టించింది; కక్ష్యను తిప్పేది ఉబ్బు. భూమి ఈ క్షణంలో తిరగడం మానేసి, అదే ఆకారంతో నిలిచిపోయినా కక్ష్యలు ఇప్పటిలాగే పురస్సరణం చెందుతాయి.

ఎత్తు, వంపు చేసే తేడా

పురస్సరణ వేగం వంపు కోణపు కొసైన్‌కు అనులోమంగా ఉంటుంది. వృత్తాకార కక్ష్యలో భూకేంద్రం నుంచి దూరం పెరిగే కొద్దీ ఆ దూరపు 3.5 ఘాతానికి విలోమంగా పడిపోతుంది. 3.5 అనే వింత సంఖ్య ఎక్కడిదో చెప్పడం కష్టం కాదు. ప్రధాన ఆకర్షణ దూరపు వర్గం చొప్పున తగ్గితే ఉబ్బు వల్ల వచ్చేది నాలుగో ఘాతం చొప్పున తగ్గుతుంది. కనుక రెండింటి నిష్పత్తి దూరపు వర్గం చొప్పున పలచబడుతుంది. పైగా దూరంగా ఉన్న ఉపగ్రహం నిదానంగా తిరుగుతుంది, రోజులో వేసే చుట్లు 1.5 ఘాతం చొప్పున తగ్గుతాయి. రెండూ కలిస్తే 3.5.

నేలను ఆనుకుని భూమధ్యరేఖకు దాదాపు సమాంతరంగా తిరిగే ఊహాత్మక ఉపగ్రహానికి ఈ వేగం రోజుకు సుమారు 10 డిగ్రీలు. 415 కిలోమీటర్ల ఎత్తులో, 51.6 డిగ్రీల వంపుతో తిరిగే అంతరిక్ష కేంద్రానికి 5 డిగ్రీలు. 20,200 కిలోమీటర్ల ఎత్తులో, 55 డిగ్రీల వంపుతో ఉన్న జీపీఎస్ ఉపగ్రహాలకు రోజుకు 0.04 డిగ్రీలే, అంటే ఏడాదికి 14 డిగ్రీలు. ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతూ ఆకాశంలో ఒకే చోట నిలిచినట్లు కనిపించే భూస్థిర కక్ష్య ఎత్తుకు వెళ్లేసరికి ఏడాదికి 5 డిగ్రీల లోపుకు పడిపోతుంది. అక్కడ సూర్యచంద్రుల ఆకర్షణ ఉబ్బుతో పోటీపడుతుంది కాబట్టి లెక్క వేరుగా ఉంటుంది.

సూర్యుడితో అడుగు కలిపే కక్ష్యలు

భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలకు ఒక అవసరం ఉంది. పంటలో, అడవిలో, హిమానీనదంలో వచ్చిన మార్పు తెలియాలంటే రెండు వేర్వేరు రోజుల చిత్రాలను పోల్చాలి. వాటిలో నీడలు, వెలుతురు ఒకేలా లేకపోతే మార్పు నేలదో ఎండదో తేల్చడం కష్టం. అందుకు ఉపగ్రహం ప్రతి చోటి మీదుగా ఎప్పుడూ ఒకే స్థానిక సమయానికి వెళ్లాలి. కక్ష్యాతలం స్థిరంగా ఉంటే అది సాధ్యం కాదు, ఎందుకంటే ఏడాది పొడవునా సూర్యుడి దిశ మారుతూ, ఉదయం పదింటి కక్ష్య ఆరు నెలల్లో రాత్రి పదింటి కక్ష్య అవుతుంది.

సూర్యుడు రోజుకు సగటున 0.9856 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు. కక్ష్యాతలం కూడా సరిగ్గా అంతే తిరిగితే వాటి మధ్య కోణం మారదు. తలం తూర్పుకు తిరగాలి కాబట్టి ఉపగ్రహం కొద్దిగా పడమటి ముఖంగా తిరగాలి, అంటే వంపు 90 డిగ్రీలు దాటాలి. ఎంత దాటాలన్నది ఎత్తును బట్టి ఉంటుంది: 500 కిలోమీటర్లకు 97.4 డిగ్రీలు, 800 కిలోమీటర్లకు 98.6 డిగ్రీలు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తిరిగే 705 కిలోమీటర్లకు 98.2 డిగ్రీలు. ఎత్తు పెరిగితే ఉబ్బు పట్టు సడలుతుంది గనుక అదే వేగం కోసం వంపును ఇంకా పెంచాలి. సుమారు 6,000 కిలోమీటర్లు దాటితే ఎంత వంపు ఇచ్చినా ఆ వేగం రాదు. వీటినే సన్ సింక్రనస్ కక్ష్యలు, సూర్యసమకాలిక కక్ష్యలు అంటారు.

వంపు ఎంత కచ్చితంగా ఉండాలో ఒక లెక్కతో తెలుస్తుంది. 705 కిలోమీటర్ల ఎత్తులో వంపు 0.1 డిగ్రీ తేడాగా ఉంటే పురస్సరణం రోజుకు 0.012 డిగ్రీలు తప్పుతుంది. అది ఏడాదిలో 4 డిగ్రీలు దాటుతుంది. ఒక డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఉపగ్రహం వచ్చే వేళ 17 నిమిషాలు మారిపోతుంది. పైగా సూర్యుడి ఆకర్షణ ఈ కక్ష్యల వంపును ఏళ్ల తరబడి నెమ్మదిగా మారుస్తూ ఉంటుంది. అందుకే ఇలాంటి ఉపగ్రహాలు తమ ఇంధనంలో కొంత వంపును సరిదిద్దుకోవడానికి వెచ్చిస్తాయి. తిప్పే పనిని ఉబ్బు ఉచితంగా చేసిపెడుతుంది. తిప్పే వేగాన్ని నిలబెట్టడానికి మాత్రం కొంత ఖర్చు తప్పదు.

తలంలోపలి మలుపు, 63.4 డిగ్రీలు

కక్ష్య దీర్ఘవృత్తమైతే ఉబ్బు మరో పని కూడా చేస్తుంది. తలం తిరగడంతో పాటు, ఆ తలంలో దీర్ఘవృత్తం కూడా తిరుగుతుంది. భూమికి అతి దగ్గరగా వచ్చే బిందువు మెల్లగా చోటు మారుతుంది. భూమధ్యరేఖకు దగ్గరి తలాల్లో అది ఉపగ్రహం వెళ్లే దిక్కులోనే ముందుకు జరుగుతుంది, ధ్రువ కక్ష్యల్లో వెనక్కి జరుగుతుంది. ముందుకు, వెనక్కి మధ్య ఎక్కడో ఒకచోట అది ఆగిపోవాలి కదా. ఆ వంపు 63.4 డిగ్రీలు, పడమటి ముఖంగా తిరిగే కక్ష్యలకైతే 116.6 డిగ్రీలు. గమనించదగ్గ విషయం ఏమిటంటే ఈ కోణం జె2 విలువ మీద గాని, ఎత్తు మీద గాని ఆధారపడదు. ఉబ్బు ప్రభావమే ప్రధానమైన ఏ గ్రహం చుట్టూ అయినా ఇదే కోణం.

సోవియట్ యూనియన్ 1965 నుంచి ప్రయోగించిన మోల్నియా సమాచార ఉపగ్రహాలకు ఈ కోణం ఆధారం. అవి 12 గంటల కక్ష్యలో కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి దాదాపు 40,000 కిలోమీటర్ల దాకా వెళ్లి, ఆ ఎత్తైన కొస దగ్గర గంటల తరబడి ఉత్తర ప్రాంతాల మీదే నిదానంగా ఉండేవి. భూస్థిర ఉపగ్రహాలు ఆ అక్షాంశాలకు దిగంతానికి ఆనుకుని కనిపిస్తాయి కాబట్టి ఈ ఏర్పాటు అవసరమైంది. అదే కక్ష్యకు 50 డిగ్రీల వంపు ఇచ్చి ఉంటే ఎత్తైన కొస ఏడాదికి 60 డిగ్రీలకు పైగా జరిగిపోయి, మూడేళ్లలోనే దక్షిణార్ధగోళం మీదికి చేరేది.

ఉపగ్రహ సమూహాలు, శకలాలు

ఒకే రాకెట్‌తో పంపిన ఉపగ్రహాలను వేర్వేరు తలాల్లోకి చేర్చడం ఇంధనంతో చేస్తే చాలా ఖరీదైన పని. పురస్సరణం దానికి చవక మార్గం చూపింది. 2006 ఏప్రిల్‌లో ఫార్మోశాట్-3 కార్యక్రమంలో ఆరు ఉపగ్రహాలను 72 డిగ్రీల వంపుతో, సుమారు 516 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, ఒక్కొక్కదాన్ని వేర్వేరు కాలాల్లో 800 కిలోమీటర్లకు పెంచారు. కింద ఉన్న తలం రోజుకు 2.34 డిగ్రీలు తిరిగితే పైన ఉన్నది 2.04 డిగ్రీలే తిరుగుతుంది, రోజుకు 0.3 డిగ్రీల ఈ తేడాతో 30 డిగ్రీల ఎడం రావడానికి మూడు నెలల పైచిలుకు చాలు. ఇంధనానికి బదులు కాలాన్ని చెల్లించడం ఇది. ఇప్పటి పెద్ద ఉపగ్రహ సమూహాలు కూడా ఉపగ్రహాలను కొంతకాలం తక్కువ ఎత్తులో ఆపి, తలాలు తగినంత ఎడమయ్యాక పైకి లేపుతున్నాయి.

ఇదే తేడా ప్రమాదాల తర్వాత ఎదురు తిరుగుతుంది. 2009 ఫిబ్రవరి 10న దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తులో ఇరిడియమ్-33, కాస్మోస్-2251 ఉపగ్రహాలు ఢీకొన్నాయి. ముక్కలు మొదట తమ తమ పాత కక్ష్యాతలాల వెంటే సాగాయి. ఒక్కో ముక్క ఎత్తు, వంపు కాస్త వేరు కాబట్టి వాటి పురస్సరణ వేగాలూ వేరయ్యాయి, క్రమంగా తలాలు విచ్చుకుని భూమి చుట్టూ పరచుకున్నాయి. 74 డిగ్రీల వంపున్న కాస్మోస్ తలం, 86.4 డిగ్రీల వంపున్న ఇరిడియమ్ తలం కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా తిరిగేది. అందుకే కాస్మోస్ శకలాలు త్వరగా చెల్లాచెదురయ్యాయి, ఇరిడియమ్ శకలాలు ఎక్కువ కాలం గుంపుగా ఉన్నాయి.

ఇతర గ్రహాల దగ్గర

అంగారకుడి జె2 భూమి కంటే దాదాపు రెట్టింపు, 0.00196. అక్కడి ఏడాది 687 రోజులు కావడంతో సూర్యుడితో అడుగు కలపడానికి రోజుకు 0.52 డిగ్రీలే చాలు. కనుక అంగారకుడి చుట్టూ తిరిగిన వ్యోమనౌక మార్స్ గ్లోబల్ సర్వేయర్‌కు 378 కిలోమీటర్ల సగటు ఎత్తులో 93 డిగ్రీల వంపు సరిపోయింది. శుక్రుడి పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు తీసుకునే ఆ గ్రహానికి ఉబ్బు దాదాపు లేదు. ఉపరితలాన్ని ఆనుకుని తిరిగే కక్ష్య కూడా రోజుకు 0.04 డిగ్రీలు మించి పురస్సరణం చెందదు, కావలసింది 1.6 డిగ్రీలు. అక్కడ సూర్యసమకాలిక కక్ష్య అసాధ్యం.

ధ్రువాల మధ్య వ్యాసం, భూమధ్యరేఖా వ్యాసం కంటే పదో వంతు తక్కువగా ఉండే శనిగ్రహం దగ్గర ఈ ప్రభావం వలయాల్లోనే కనిపిస్తుంది. లోపలి సి వలయంలో ఒక సన్నని దీర్ఘవృత్తపు వలయభాగం ఉబ్బు వల్ల రోజుకు 22.6 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. టైటాన్ ఉపగ్రహం శని చుట్టూ తిరిగే వేగమూ అంతే. ఆ సామ్యం వల్లే అది వృత్తంగా మారిపోకుండా నిలిచింది.

ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. రాహుకేతువులని పేరున్న చంద్రపాతాలు 18.6 ఏళ్లకు ఒక చుట్టు తిరగడం భూమి ఉబ్బు వల్ల కాదు, ప్రధానంగా సూర్యుడి ఆకర్షణ వల్ల. భూమి అక్షం దాదాపు 26,000 ఏళ్లకు ఒకసారి చుట్టు తిరిగే విషువచ్చలనానికి మాత్రం ఉబ్బే కారణం: సూర్యచంద్రులు ఆ ఉబ్బును లాగడం వల్ల భూమి అక్షం తిరుగుతుంది. ఉబ్బు ఉపగ్రహాన్ని లాగే చోట, దాని ప్రతిచర్యను మరో వైపు నుంచి చూసినట్టన్నమాట.

కక్ష్య నుంచి భూమి ఆకారానికి

పురస్సరణ వేగం తెలిస్తే జె2ను, జె2తో పాటు భ్రమణ వేగమూ తెలిస్తే భూమి చదునును లెక్కించవచ్చు. ఉపగ్రహాలకు ముందు నేల మీది కొలతలతో 1924లో అంతర్జాతీయంగా అంగీకరించిన విలువ 297వ వంతు. 1957 నవంబరులో ఎగిరిన స్పుత్నిక్-2 పాతబిందువుల కదలికను గమనించాక అది 298వ వంతుకు దగ్గరగా ఉందని తేలింది. ఈ తేడా వల్ల భూమధ్యరేఖా, ధ్రువ వ్యాసార్ధాల మధ్య అంతరం 90 మీటర్ల వరకు తగ్గింది. తరాల తరబడి నేలను కొలిచి సాధించిన విలువను ఒక ఉపగ్రహపు కొన్ని నెలల కదలిక సరిదిద్దింది. 1958 మార్చి 17న ప్రయోగించిన వాన్‌గార్డ్-1 కక్ష్య నుంచి, ఉత్తర దక్షిణార్ధాల మధ్య కూడా స్వల్ప అసమానత ఉందని మరుసటి ఏడాది బయటపడింది.

1976లో ప్రయోగించిన లేజియోస్, దాదాపు 5,900 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే, అద్దాలు పొదిగిన బరువైన గోళం. నేల నుంచి లేజర్ కిరణాలతో దాని దూరాన్ని కొలుస్తారు. దాని తలం ఉబ్బు వల్ల ఏడాదికి సుమారు 125 డిగ్రీలు తిరుగుతుంది. భూభ్రమణమే స్థలకాలాన్ని తనతో ఈడ్చడం వల్ల సాపేక్ష సిద్ధాంతం ప్రకారం రావలసిన అదనపు మలుపు ఏడాదికి ఒక ఆర్క్ సెకనులో (డిగ్రీలో 3,600వ వంతులో) వందో వంతులు మూడు మాత్రమే. ఉబ్బు ప్రభావంతో పోలిస్తే కోటి వంతుల్లో ఒకటి కంటే తక్కువ. దాన్ని వేరుచేయాలంటే జె2 విలువను ఎంత కచ్చితంగా తెలుసుకోవాలో ఈ నిష్పత్తే చెబుతుంది. 1992లో పంపిన రెండో లేజియోస్ కొలతలను, భూమి గురుత్వ క్షేత్రాన్ని 2002 నుంచి గ్రేస్ జంట ఉపగ్రహాలతో కొలిచిన సమాచారాన్ని ఈ లెక్కల్లో వాడటానికి ఇదొక కారణం.

జె2 స్థిరమైన సంఖ్య కాదన్న సంగతి కూడా లేజియోస్ పాతబిందువులే బయటపెట్టాయి. గత హిమయుగపు మంచు బరువు తొలగిన తర్వాత ఉత్తర ప్రాంతాల్లో నేల ఇంకా పైకి లేస్తూనే ఉంది. దాంతో ద్రవ్యరాశి ధ్రువాల వైపు జరిగి ఉబ్బు మెల్లగా తగ్గుతున్నట్లు 1980లలో గుర్తించారు. 1998 ప్రాంతంలో ఆ ధోరణి తిరగబడి, ఉబ్బు పెరగడం మొదలైంది. ఆ తర్వాతి కాలంలో గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు కరిగి, ధ్రువాల దగ్గరి నీరు సముద్రాల ద్వారా భూమధ్యరేఖ వైపు పరచుకోవడం జె2ను పెంచే ప్రధాన కారణాల్లో ఒకటిగా నిలిచింది.